మెత్తటి స్ప్రింగు

డిపోలో అందరూ నన్ను ఎదురుగా అక్కా అంటారు, వెనకాల గేరక్క అంటారు. గేరు వేసేటప్పుడు కరకరమనిపించిన కొత్త డ్రైవర్లని తిట్టి తిట్టి సంపాదించుకున్న పేరది. నాకేం బాధ లేదు. బస్సు డ్రైవరు నలుగురి నోళ్ళలో పడాలంటే జనాన్ని తిట్టయినా పడాలి, బండిని గుద్దయినా పడాలి. నేను మొదటి దారిలోనే పోతున్నాననుకుంటూ ఉండగా రెండోది దానంతట అదే వచ్చి మీద పడింది.

ఎర్రలైటు లెక్కచేయని లారీ ఒకటి ఎదురుగా వచ్చి నా బస్సు ముక్కుని లోపలికి నెట్టేసింది. ప్రయాణికుల్లో ఎవరికీ గీత కూడా పడలేదు. నా ఎడమ కాలు మాత్రం స్టీరింగు కింద ఇరుక్కుపోయి, మోకాలి దిగువన ముక్కలైంది. ఆస్పత్రిలో లోపల కడ్డీ వేసి, మరలు బిగించి, కుట్లు వేసి ఇంటికి పంపారు. ఎముక అతుక్కుంటుందన్నాడు డాక్టరు. నేను అడిగింది ఎముక గురించి కాదు, క్లచ్ తొక్కగలనా అని. ఆయన "చూద్దాం" అన్నాడు. డాక్టర్ల చూద్దాం, మెకానిక్కుల రేపు రండి ఒకటేనని మెకానిక్కుని కట్టుకున్నదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు.

మా డిపో బస్సులు పాతవి. ఎడమ కాలితో క్లచ్‌ని అడుగంటా తొక్కితే తప్ప గేరు పడదు. ఊళ్ళో తిరిగే బండి కాబట్టి ప్రతి స్టాపులోనూ, ప్రతి సిగ్నలు దగ్గరా తొక్కాలి. కాలు విరిగిన డ్రైవరు మళ్ళీ సీటెక్కాలంటే ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుని పరీక్ష పెడతాడు. నెగ్గితే బండి, లేకపోతే తాళాల గది. తాళాల గది అంటే డిపో గేటు పక్కన ఒక కిటికీ, ఒక కుర్చీ. పొద్దున్నే వచ్చే డ్రైవర్లకి వాళ్ళ వాళ్ళ బస్సు తాళాలు అందించి, సాయంత్రం తిరిగి పుచ్చుకోవడం పని. తాళం చేత్తో పట్టుకుని కూడా బండి తీయలేని బతుకు. ఆ కిటికీ వెనక కూర్చోవడం కంటే ఇంట్లో కూర్చోవడం నయమని నేనే ఎన్నిసార్లు అన్నానో.

మా ఆయనకి సొంత షెడ్డు ఉంది. కార్లు, వ్యాన్లు బాగుచేస్తాడు. అందులోనూ క్లచ్ పనికి పెట్టింది పేరు. పెడలు బరువుగా ఉంది మేస్త్రీ అని ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే చాలు, సాయంత్రానికల్లా అది వెన్నలా దిగేటట్టు చేసి పంపుతాడు. మనిషీ అంతే. ఎదుటివాళ్ళు మొహం చిట్లిస్తే తట్టుకోలేడు. పెళ్ళైన కొత్తలో అది చూసే నేను బుట్టలో పడ్డాను.

ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి బక్కపలచగా ఉండేది కానీ చేతులు ఇనుము. పిక్కలో కండ కరిగిపోయిందనీ, దానికి మళ్ళీ బరువు అలవాటు చేయాలనీ చెప్పింది. ముందు మెత్తగా, తర్వాత కొంచెం గట్టిగా, అది సులువయ్యాక ఇంకా గట్టిగా. ఆ మాట వినగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాడే పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి బస్సు పెడలు ఒకటి, చిరిగిన డ్రైవరు సీటు ఒకటి మోసుకొచ్చాడు. మందపాటి చెక్క మీద రెండింటినీ బిగించి, పెడలు వెనక స్ప్రింగు తగిలించి, ముందు గదిలో పెట్టాడు. మా అత్తయ్య సోఫా మూలకి జరిగింది. వచ్చిన చుట్టాలు బస్సు ఎప్పుడు బయల్దేరుతుందని అడిగేవాళ్ళు. నిండితే అని చెప్పేదాన్ని.

మొదట్లో నరకం. ఆయన తగిలించిన మొదటి స్ప్రింగు మెత్తటిదే అయినా, పాదం ఆనించేసరికి కాలి లోపల ఎవరో స్క్రూడ్రైవరు తిప్పుతున్నట్టు ఉండేది. పళ్ళు బిగించి తొక్కేదాన్ని. అది సులువయ్యాక రెండోది తగిలించాడు. ఆ రెండో స్ప్రింగు నాకు లొంగలేదు. రోజుల తరబడి తొక్కినా పెడలు సగంలోనే ఆగేది. ఒకరోజు పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తీసి గోడకేసి కొట్టాను. ఇంక తొక్కను, నన్నొదిలేయండి, తాళాల గదిలోనే చస్తాను అని ఏడ్చాను. ఒంటికాలి మీద లేవడం అప్పటికి నా విషయంలో మాటవరసకి కాదు. మూడు పూటలు అన్నం ముట్టలేదు. గోడ దగ్గర పడిన గాజుపెంకులు ఆయనే ఏరాడు.

మర్నాడు అత్తయ్య బతిమాలితే మళ్ళీ సీట్లో కూర్చున్నాను. తొక్కాను. దిగింది. మొత్తం దిగలేదు కానీ నిన్నటికంటే బాగా దిగింది. ఇంట్లో ముగ్గురం కేకలు పెట్టాం. ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకున్నాను.

అక్కడి నుంచి నన్ను పట్టేవాళ్ళు లేరు. పొద్దున లేవగానే కాలికి వేడినీళ్ళ కాపడం, తర్వాత సీటు, మధ్యాహ్నం నడక, మళ్ళీ సీటు. పెడలు హాయిగా దిగడం మొదలైనప్పుడల్లా మా ఆయన స్ప్రింగు మార్చేవాడు. అదొక పండగ ఇంట్లో. కాలికి ఏదీ గుచ్చుకోకుండా ఉంటుందని స్ప్రింగు మీద రేకు డబ్బా ఒకటి కప్పాడు. ఆ డబ్బాలో తల దూర్చి, అత్తయ్య టార్చి పట్టుకుంటే, టంగు టంగున స్పానర్లు మోగించి, చెమట తుడుచుకుంటూ లేచేవాడు. "డ్రైవరమ్మా, ఈసారిది వ్యాను స్ప్రింగు, జాగ్రత్త" అనేవాడు. తర్వాత మినీ లారీ స్ప్రింగు అన్నాడు. నేను తొక్కేదాన్ని. దిగేది. లారీ స్ప్రింగు కూడా నాకు లొంగిందని ఫోను పట్టుకుని డిపోలో సగం మందికి చెప్పాను. ఆఖరికి బస్సు స్ప్రింగు అన్నాడు. అదీ దిగింది. నా కాలిని నేనే నిమురుకున్నాను. చిన్నప్పుడు బడిలో కూడా అంత గర్వపడలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి రాక అప్పటికే తగ్గింది. బాగా కోలుకుంటున్నావు కదా, ఆ అమ్మాయికి శ్రమెందుకు అన్నాడాయన. ఒకసారి వచ్చి నా పాదాన్ని అరచేత్తో ఒత్తి చూసి, సాధన మానొద్దని చెప్పి లేచింది. గేటు దగ్గర ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమందని అడిగితే నిన్ను తెగ మెచ్చుకుందన్నాడు.

పరీక్ష రోజు పొద్దున ఆయనకి జ్వరం వచ్చింది. దుప్పటి ముసుగేసుకుని, నన్ను వదిలి వెళ్ళకు, పరీక్ష ఇంకో నెల ఆగి పెట్టించుకోవచ్చు అన్నాడు. నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. నా మీద బెంగ కాబోలనుకుని నవ్వుకున్నాను. మాత్ర ఒకటి చేతిలో పెట్టి, అత్తయ్యకి అప్పజెప్పి ఆటో ఎక్కాను.

డిపో ఆవరణలో జనం పోగయ్యారు. డ్యూటీ లేనివాళ్ళు, దిగినవాళ్ళు, క్యాంటీనువాళ్ళు కూడా. గేరక్క వచ్చిందంటే చూడాలి కదా. నేను అందరి వంకా చెయ్యి ఊపి సీటెక్కాను. ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చున్నాడు. బండి స్టార్టు చేసి, ఎడమ పాదం క్లచ్ మీద పెట్టి తొక్కాను.

సగంలో ఆగింది.

ఏదో అడ్డం పడిందేమోనని కిందికి చూశాను. ఏమీ లేదు. నడుము సీటుకి ఆనించి, స్టీరింగు పట్టుకుని, ఒంట్లో బలమంతా పెట్టి తొక్కాను. ఇంకాస్త దిగింది. గేరు తోశాను. కరకరమని అరిచింది. ఆ చప్పుడు ఆవరణంతా వినిపించింది. పిక్క వణికింది, పాదం జారింది, బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అదే చప్పుడు. జనంలో ఒక్కళ్ళూ నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టేదాన్ని.

ఈ బండిలో లోపం ఉంది, ఎవరో బిగించారు అని ఇన్‌స్ట్రక్టరు మీద అరిచాను. ఆయన డిపో ఫిట్టరుని పిలిచాడు. ఫిట్టరు నన్ను దింపి, సీట్లో కూర్చుని, చెప్పు కాలితోనే అలవోకగా పెడలుని అడుగుదాకా తొక్కి వదిలాడు. రెండుసార్లు తొక్కి చూపించాడు. "క్లచ్ మామూలుగానే ఉందక్కా" అన్నాడు, నా మొహం వంక చూడకుండా.

ఇంటికి వచ్చేసరికి ఆయన జ్వరం తగ్గినట్టుంది, ముందు గదిలో నిలబడి ఉన్నాడు. చేతికర్ర పక్కన పడేసి, నేల మీద కూర్చుని, రేకు డబ్బా పట్టుకు లాగాను. మరలు రాలేదు. ఆయన పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని విప్పాను. లోపల స్ప్రింగు సన్నగా, నా చిటికెన వేలు మందాన ఉంది. ఇంట్లో తలుపులకి కూడా అంతకంటే గట్టివి వేస్తారు.

"ఇది బస్సు స్ప్రింగా?" అన్నాను.

కాదన్నాడు. మరి వ్యానుది, లారీది అని అడిగాను. అవీ కాదన్నాడు. నేను గ్లాసు విసిరిన రోజు, నేను పడుకున్నాక, కొంచెం మెత్తటిది తగిలించాడట. మర్నాడు నేను నవ్వాను కదా, అన్నం తిన్నాను కదా. నాలుగు రోజులు అలా నడిచాక మెల్లగా గట్టిది వేద్దామనుకున్నాడట. కానీ గట్టిది వేస్తే మళ్ళీ సగంలోనే ఆగుతుంది, మళ్ళీ ఏడుస్తాను. అందుకని మార్చిన ప్రతిసారీ ఇంకాస్త మెత్తటిదే వేసుకుంటూ పోయాడు. నా కాలు బాగుపడుతోందని నేను మురిసిపోయిన ప్రతి రోజూ బాగుపడింది నా కాలు కాదన్నమాట. అత్తయ్య వంక చూశాను.

"నేను టార్చి పట్టుకున్నానంతే, అమ్మాయ్" అందావిడ.

ఒకసారి కాదు, స్ప్రింగు మార్చిన ప్రతిసారీ పట్టుకుంది. కేక కూడా వేసింది. తల్లీ కొడుకూ కలిసి నన్ను మునగచెట్టెక్కించి, కింద నిలబడి చప్పట్లు కొట్టారు. డిపో అంతా చూస్తుండగా పడ్డాను.

"నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను" అన్నాడు మా ఆయన.

"నేనేమైనా నీ షెడ్డుకొచ్చిన గిరాకీనా? పెడలు బరువుగా ఉందని నీకు చెప్పుకోవడానికి వచ్చానా? నా కాలికి బలం కావాలన్నాను. పెడలుకి మెత్తదనం కావాలనలేదు."

ఆయన తల దించుకుని నిలబడ్డాడు. గిరాకీలు తిడితే కూడా అలాగే నిలబడతాడు. ఆయన మంచితనం మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది.

తాళాల గదిలో చేరాను. కిటికీలోంచి తాళం అందుకున్న ప్రతివాడూ ఏదో ఒక మంచి మాట చెప్పి పోయేవాడు. ఆ మంచి మాటలు వింటే నాకు ఒళ్ళు మండేది. మంచి మాట చెప్పేవాళ్ళని చూస్తే చేతిలో ఏం దాచారోనని అనిపించేది. ఇన్‌స్ట్రక్టరు మాత్రం కాలు కుదిరాక ఇంకోసారి చూస్తానన్నాడు. మూడోసారి ఉండదని కూడా చెప్పాడు. ఆ మనిషి ఒక్కడి మాటే ఆ రోజుల్లో నాకు కడుపు నింపింది.

డిపో ఫిట్టరుని ఇంటికి పిలిచాను. మా ఆయనా అతనూ కుర్రతనంలో ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు. ఎవరి చెయ్యి గొప్పదో తేలక మాటలు మానేశారు. అతను వచ్చి, డిపో గోదాములోని అసలు బస్సు స్ప్రింగు తగిలించి, బస్సులో ఎంత బరువుంటుందో అంతే వచ్చేదాకా సరిచూసి వెళ్ళాడు. మా ఆయన ఆ సేపంతా గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన ఇంట్లో, తన చేత్తో చేసిన చెక్క మీద, ఇంకో మెకానిక్కు స్పానరు తిప్పుతుంటే ఆయనకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసే పిలిచాను.

ఫిజియోథెరపీ అమ్మాయిని నేనే ఫోను చేసి రప్పించుకున్నాను. జరిగింది చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. పిక్కలో సగం బలం కూడా రాలేదు, పరీక్షకి పంపొద్దని ఆ రోజు గేటు దగ్గర మా ఆయనకి గట్టిగా చెప్పిందట. తనే నాతో చెబుతానని ఆయన ఒప్పుకున్నాడట. తెగ మెచ్చుకుందని ఆయన నాకు చెప్పింది ఆ సంభాషణ గురించే. స్ప్రింగు సంగతి చేతకానితనం అనుకోవచ్చు. ఇది వేరు. పడిపోతానని తెలిసి కూడా నన్ను పదిమంది ముందుకి పంపాడు. దొంగ జ్వరం తెచ్చుకునే ధైర్యం ఉంది కానీ, నిజం చెప్పే ధైర్యం లేదు. ఆ వేళ నుంచి ఆయనతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. ముందు ఆ అమ్మాయి తెచ్చిన రబ్బరు పట్టీలు, తర్వాత మడమలెత్తి నిలబడడం, ఆ తర్వాత మెట్లు. అవన్నీ అయ్యాకే పెడలు. అది మొదట కదలనే లేదు. నెలలు గడిచాయి. కదిలిన రోజు కేకలు పెట్టేవాళ్ళు ఎవరూ లేరు, నేను పెట్టనివ్వలేదు. ఉత్సాహం ఎక్కడి నుంచి వచ్చేదని ఎవరైనా అడిగితే కోపం నుంచి అని చెబుతాను. కోపానికి జ్వరాలు రావు, ఏ పూటా మానదు. ఒకరోజు మా ఆయన తలుపు దగ్గర నిలబడి, ఇవాళ బాగా దిగిందని మెల్లగా అన్నాడు. నేను సీటు దిగి, నేల మీద బోర్లా పడుకుని, పెడలు వెనక్కి చెయ్యి దూర్చి, ఫిట్టరు వేసిన స్ప్రింగే ఉందో లేదో తడిమి చూసుకున్నాను. నిజంగానే బాగా దిగింది. ఆయన మాట నిజమైనందుకు నాకు సంతోషం కలగలేదు. ఆయన అక్కడి నుంచి వెళ్ళిపోయాడు.

రెండో పరీక్ష సంగతి ఇంట్లో చెప్పలేదు. తాళాల గదిలో పని చేసుకుంటూ చేసుకుంటూ లేచి వెళ్ళి బండెక్కాను. ఈసారి జనం లేరు. ఇన్‌స్ట్రక్టరు, అవతల ఫిట్టరు, అంతే. పాదం పెట్టి తొక్కాను.

అడుగుదాకా దిగింది.

గేరు చప్పుడు లేకుండా పడింది. గేటు దాటి, బజారు చుట్టి, సిగ్నళ్ళలో ఆగి, ఎత్తు మీద నిలిపి, మళ్ళీ కదిలించి, లోపలికి తెచ్చి ఆపాను. ఇన్‌స్ట్రక్టరు చెయ్యి చాచాడు. "రేపటి నుంచి బండి తీసుకోమ్మా" అన్నాడు.

నేను చెయ్యి ఇవ్వలేదు. ఈ రోజు కోసమే కదా ఇన్నాళ్ళూ చచ్చింది. సంతోషం వస్తుందని చూశాను. వచ్చింది వేరే. ఇంత బాగా ఎందుకు దిగింది అనిపించింది. దీన్ని ఎవరు వదులు చేశారు అనిపించింది. ఫిట్టరు మా ఆయనతో కలిసి పని నేర్చుకున్నవాడే కదా, మాటలు కలిశాయేమో, మా ఆవిడ పాపం ఏడుస్తోంది కాస్త చూడు అన్నాడేమో అనిపించింది.

ఇంకో బండి ఇవ్వండి అన్నాను. ఇన్‌స్ట్రక్టరుకి అర్థం కాలేదు. నెగ్గావమ్మా అన్నాడు. నెగ్గానో లేదో ఇంకో బండి మీద చెబుతానన్నాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన బస్సు ఒకటి చూపించి, దాని తాళం నేనే కిటికీలోంచి తీసుకుని ఎక్కాను. అదీ దిగింది. మూడో బండి కూడా అడిగాను. ఫిట్టరు దగ్గరికి వచ్చి, దేన్నీ ముట్టుకోలేదక్కా, నా పని మీద ఒట్టు అన్నాడు. అతని గొంతు వింటే అబద్ధంలా లేదు. మా ఆయన గొంతూ ఎప్పుడూ అబద్ధంలా ఉండేది కాదు.

ఇల్లు చేరి కబురు చెబితే అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. మా ఆయన మొహం చాలా నెలల తర్వాత విప్పారింది. దగ్గరికి రాబోయాడు.

"నువ్వు డిపోకి వచ్చావా? ఫిట్టరుతో ఏమైనా మాట్లాడావా?" అని అడిగాను.

నేనేం అడుగుతున్నానో ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆ మొహం మళ్ళీ ముడుచుకుంది. "లేదు. నీ మీద ఒట్టు" అన్నాడు. అది నిజం. నాకు తెలుసు. నిజమని తెలిసి కూడా నమ్మలేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆయన నా దగ్గర్నుంచి తీసుకున్నది ఒక పరీక్ష కాదు. నా కాలి మాట నేను నమ్మడం తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పుకి బండి ప్లాట్‌ఫారం మీద పెట్టాను. జనం వరసలో నిలబడ్డారు. క్లచ్ తొక్కితే అడుగుదాకా దిగింది. తలుపు తెరవకుండా, అవతల చేతులు కడుక్కుంటున్న ఫిట్టరుని కేకేసి పిలిచాను. సీటు దిగి, ఒకసారి నువ్వు తొక్కి చూడు అన్నాను.

అతను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఎక్కి తొక్కాడు.

"బరువుగానే ఉందక్కా" అన్నాడు.

అప్పుడు తలుపు తెరిచాను.